రెండు వేళ్ళ వదులు

ఆ భవనంలో కింద మందుల షాపు, దాని మీద బ్యాంకు, బ్యాంకు మీద పళ్ళ డాక్టరు. ముగ్గురూ ఎవరి స్తోమతుకు తగ్గట్టు వాళ్ళు పెద్ద పెద్ద బోర్డులు పెట్టుకున్నారు. మెట్ల కింద, మనిషి నిటారుగా నిలబడితే నెత్తికి బొప్పి కట్టే చోట, ఒక కుట్టు మిషను, ఒక గడియారాల బల్ల ఉన్నాయి. వాటికి బోర్డు లేదు. అయినా వీధి మొదట్లో నిలబడి బ్యాంకు ఎక్కడని అడిగి చూడండి. "టేపు పిన్ని పక్కనుంచి మెట్లెక్కండి" అంటారు. బ్యాంకు వాళ్ళకి ఇది కాస్త నామోషీగానే ఉంటుంది, ఉండనివ్వండి.

టేపు పిన్ని పొడవు నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. కొలిచింది ఆవిడే కాబట్టి అందులో అనుమానం లేదు. కొలతల టేపు పగలంతా మెడలో వేలాడుతూ ఉంటుంది. పడుకున్నా తీయదని వాళ్ళాయన అందరికీ చెబుతాడు. అది అబద్ధం, తలగడ కింద పెట్టుకుంటుంది. వాళ్ళాయన అంటే గడియారాల బాబాయి. మెట్ల కింద చోటు చెరి సగం అని పెళ్ళయిన కొత్తలో అనుకున్నారు. ఇప్పుడు ముప్పావు వంతు పిన్నిది. బాబాయి మిగిలిన పావులో కంటికి భూతద్దం బిగించుకుని, నొప్పి మోకాలిని ముందుకు చాపుకుని, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటాడు.

చొక్కాలు బిగించడం, ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, ఏడాదికోసారి బడి యూనిఫారాలు కుట్టడం, ఇదీ పిన్ని పని. పేరు మోగిపోయింది మాత్రం కుక్కల వల్ల. అదీ చిన్న కుక్కల వల్ల. పెద్ద కుక్కని బయట కడితే దాని జోలికి ఎవడూ పోడు. వేలెడంత కుక్కని నడిచేవాడు చూడడు, బండి తోలేవాడు అసలే చూడడు, చూసినవాడేమో ముద్దుగా ఉందని చంకన పెట్టుకుని పోతాడు. పని మీద బజారుకొచ్చి, వేలెడంత ప్రాణాన్ని ఏ స్తంభానికో కట్టేసి లోపలికి పోయే మనుషులంటే పిన్నికి ఒళ్ళు మంట.

ఆ మంట మొదలై పందొమ్మిదేళ్ళయింది. ఒకావిడ మందుల కోసం వచ్చి, తన తెల్ల కుక్కపిల్లని గుమ్మం ముందున్న స్కూటరుకి కట్టి లోపలికి వెళ్ళింది. స్కూటరు ఆవిడది కాదు, ఎవడిదో. ఆ ఎవడో ఫోన్లో మాట్లాడుకుంటూ వచ్చి, ఎక్కి, బండి కదిలించాడు. పిన్ని ఆ సమయానికి ఒక కోటు చెయ్యి కత్తిరిస్తోంది. ఆ కత్తెరతోనే ఒక్క దూకు దూకి పట్టీని పుటుక్కున కోసేసింది. కుక్క ఇటు మిగిలింది, బండి అటు పోయింది. బండివాడికి ఏం జరిగిందో ఇప్పటికీ తెలియదు. కుక్కగలావిడ బయటికొచ్చి, తెగిన పట్టీని చూసి, కొత్త పట్టీ కోసేస్తారా అని పిన్ని మీద ఒంటికాలి మీద లేచింది. పిన్ని జరిగింది చెప్పి, కుక్కని చేతిలో పెట్టి, "ఈసారి బండికి కట్టకు తల్లీ, నాకు కట్టి వెళ్ళు" అంది. ఆవిడ అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చింది. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చి, నిజంగానే పట్టీ తెచ్చి పిన్ని చేతికి కట్టి బ్యాంకుకి వెళ్ళింది.

అలా ఒకటి రెండయింది, రెండు పదయ్యాయి. మిషను కింద, తొక్కుడు పలకకి అవతల, కొక్కేలు వెలిశాయి. కుక్కని చూసినందుకు పిన్ని ఏమీ పుచ్చుకోదు. "బట్టలు కుట్టి బతుకుతున్నాను, కుక్కల్ని చూసి సంతోషిస్తున్నాను" అంటుంది. పుచ్చుకునేది ఒక్కటే, యజమాని ఒంటిమీది వస్తువు ఏదైనా. చేతిరుమాలో, టోపీయో తీసుకుని కుక్క కింద పరుస్తుంది. అలవాటైన వాసన పొట్ట కింద ఉంటే ఏ కుక్కయినా గోల చేయదు. బ్యాంకు మేనేజరు గారు ఒకసారి వేరే ఏమీ లేక మేజోడు విప్పి ఇచ్చారు. దాన్ని పిన్ని అడుగు స్కేలుతో అందుకుంది.

మేనేజరు గారు ఆ దారికి రావడం వెనకాల ఒక కథ ఉంది. ఆయన ఒక మధ్యాహ్నం తన కుక్కని కారులోనే ఉంచి, అద్దాలు ఎక్కించి పైకి వెళ్ళారు. ఎండ కారు మీదే పడుతోంది. పిన్ని చూసి కుట్టు ఆపేసింది. మెట్లెక్కి బ్యాంకు హాలు మధ్యలో నిలబడి కారు నంబరు చదివింది. ఎవరూ పలకలేదు. "ఈ కారు ఎవరిదో వాళ్ళు కాసేపు అందులో కూర్చుని అద్దాలు ఎక్కించుకోండి. నేను కిందే ఉంటాను, ఎంతసేపు ఉండగలరో చూస్తాను" అంది. అద్దాల గదిలోంచి మేనేజరు గారు తాళాలు పట్టుకుని, తలొంచుకుని బయటికొచ్చారు. హాలంతా ఆయన్నే చూస్తోంది. మర్నాటి నుంచి ఆయన కుక్క కూడా మిషను కిందే.

కుక్కని వదిలే ప్రతి మనిషీ ఒకే మాట అంటాడు. "ఇప్పుడే వస్తా పిన్నీ" అని. ఈ ఇప్పుడే ఎంతసేపో కొలిచిన మనిషి ఆ వీధిలో బాబాయి ఒక్కడే. మందుల షాపు ఇప్పుడే పద్దెనిమిది నిమిషాలు. బ్యాంకు ఇప్పుడే యాభై. పళ్ళ డాక్టరు ఇప్పుడే గంటంబావు. దారిలో తెలిసినవాళ్ళు ఎదురుపడ్డారా, ఇక ఆ ఇప్పుడేని కొలిచే గడియారం లేదు. "మీ దర్జీలు రేపు రమ్మంటారే, ఇది ఆ రేపుకి చెల్లెలు" అంటాడు బాబాయి. పిన్ని మూతి ముడుచుకుంటుంది. తను రేపు అంటే రేపే ఇస్తుంది. అయినా ఎవరు ఇప్పుడే అన్నా నీళ్ళ గిన్నె నిండా పోస్తుంది.

ఇక బెల్టులు. మెడ పట్టీ చిన్న కుక్కకి పనికిరాదని పిన్ని మొదటి ఏడాదే కనిపెట్టింది. ముందుకి లాగితే గొంతు నొక్కుకుంటుంది. వెనక్కి నడిచిందా, తల మీంచి ఊడొస్తుంది. అందుకని పాత జీన్సు నడుం పట్టీలు విప్పి, లోపల కోటు లైనింగు వేసి, ముందరి కాళ్ళ వెనకనుంచి ఛాతీకి చుట్టి వచ్చే బెల్టులు కుట్టడం మొదలుపెట్టింది. చొక్కాకి తీసినట్టే మెడ, ఛాతీ, వీపు కొలతలు తీస్తుంది. కుక్క నవ్వినట్టు నోరు తెరిస్తే "కదలకు బాబూ, కొలత పోతుంది" అంటుంది. కుట్టాక బెల్టుకీ ఒంటికీ మధ్య తన రెండు వేళ్ళు దూర్చి చూస్తుంది. రెండు వేళ్ళు పట్టాలి, అంతే పట్టాలి. తక్కువైతే చంకల్లో ఒరుసుకుని పుండవుతుంది. ఎక్కువైతే కుక్క వెనక్కి నడిచి బయటికొచ్చేస్తుంది. ఎవరు ఎంత బతిమాలినా ఈ లెక్క మార్చేది కాదు. "నేను కుట్టిన బెల్టు దాటి కుక్క బయటికి రాలేదు, నాకు కట్టిన కుక్క పోలేదు" అని పందొమ్మిదేళ్ళుగా చెప్పుకుంటోంది. చెప్పుకోవడానికి ఆవిడకి హక్కుంది.

టికెట్ల అమ్మాయి ఆ మెట్ల దగ్గరికి మొదటిసారి వచ్చింది కుక్క కోసం కాదు, జిప్పు కోసం. బస్టాండులో టికెట్ల కిటికీ వెనక కూర్చునే పిల్ల. ముప్ఫై ఏళ్ళుంటాయి, ఒక్కతే గది తీసుకుని ఉంటుంది. భుజానికి వేలాడే పెద్ద సంచీ బల్ల మీద పెట్టి, జిప్పు పాడైందంది. పిన్ని సంచీ తెరవబోతే లోపల్నుంచి గోధుమరంగు తల ఒకటి బయటికొచ్చి ఆవిడ బొటనవేలు నాకింది. మూడు నెలల కుక్కపిల్ల, గుప్పిట్లో పడుతుంది.

"జిప్పు ఎందుకు పోయిందో తెలిసింది" అంది పిన్ని. "దీన్ని సంచీలో ఎందుకమ్మా మోయడం? నేల మీద నడవనీ."

"బయటికెళ్ళినప్పుడల్లా ఇందులోనే పిన్నీ. కింద పెట్టను."

"పనికి వెళ్ళినప్పుడో?"

"బల్ల కింద పెట్టుకుంటాను. మా ఆఫీసు పెద్దాయన చూసీ చూడనట్టు ఊరుకుంటారు."

ఎందుకని పిన్ని అడగలేదు. జిప్పు మారుస్తూ ఉంటే ఆ పిల్లే చెప్పింది. ముందు ఇంకో కుక్క ఉండేదట. పాల కోసం వెళ్ళి, షాపు బయట కటకటాలకి కట్టిందట. పాలు తీసుకుని బయటికొచ్చేసరికి పట్టీ ఉంది, కుక్క లేదు. ఆరు నెలలు వెతికింది, కనిపించిన గోడకల్లా కాగితం అంటించింది. "రెండు నిమిషాలు కూడా కాలేదు పిన్నీ" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆ పిల్ల గొంతు మామూలుగానే ఉంది. ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో అనుకుంది పిన్ని.

పిన్ని ఆ సంచీలో కుక్కపిల్లకి గుప్పెడు అని పేరు పెట్టేసింది. టికెట్ల అమ్మాయి పెట్టుకున్న పేరు వేరే ఏదో ఉంది కానీ, రెండోవారానికి ఆ పిల్ల కూడా గుప్పెడనే పిలిచింది. అదిగో, ఆ రెండోవారమే పిన్ని గమనించింది, ఆ పిల్ల కుడి బుగ్గ కాస్త ఉబ్బి ఉంది.

"ఏమిటా బుగ్గ?"

"జ్ఞానదంతం. నెలరోజుల్నుంచి."

"పైనే కదా డాక్టరు. నెలరోజులు ఏం చేస్తున్నావు?"

"లోపలికి దీన్ని రానివ్వరట." అని సంచీ మీద చెయ్యి వేసుకుంది.

పిన్ని నోటిదాకా వచ్చిన మాట మింగింది. నాకు కట్టి వెళ్ళు అని ఇంకెవరితోనైనా చటుక్కున అనేసేది. ఈ పిల్లతో అనలేకపోయింది. బదులుగా టేపు తీసి, "బెల్టుకి కొలత తీస్తాను, రా" అంది గుప్పెడుతో. అది బల్ల మీద ఉచ్చ పోసింది. బాబాయి గడియారాల ట్రే పైకెత్తుకుని, "చేతి గడియారాల్లోకి నీళ్ళు పోకూడదు, నా మాట ఎవరు వింటారు" అన్నాడు.

బెల్టు పూర్తయిన రోజున టికెట్ల అమ్మాయి దాన్ని తిప్పి తిప్పి చూసింది. లేత నీలం జీన్సు గుడ్డ, లోపల బూడిదరంగు సిల్కు లైనింగు. ఆ పిల్ల ముఖం విప్పారింది. "పిన్నీ, ఇది ఇంకా పెరుగుతుంది కదా. కొంచెం వదులుగా పెట్టండి, నాలుగు రోజులు వస్తుంది" అంది.

సరిగ్గా ఆ మాటే, సరిగ్గా ఆ గొంతుతోనే, బడులు తెరిచే రోజుల్లో తల్లులందరూ అంటారు. కొంచెం వదులుగా పెట్టమ్మా, పెరిగే పిల్ల. ఆ మాట వినగానే పిన్ని చెయ్యి దానంతటదే యూనిఫారం లోపల ఒక మడత ఎక్కువ వదులుతుంది. ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఒంటరిగా ఉంటున్న ఈ పిల్ల అమ్మలా అడిగేసరికి ఆవిడ మనసు వెన్నయిపోయింది. కుట్టు విప్పి, ఒక వేలంత వదులు ఎక్కువ పెట్టి, మళ్ళీ వేసింది. వేలే కదా అనుకుంది.

ఆ పది రోజుల్లో టికెట్ల అమ్మాయి మెల్లగా మెత్తబడింది. ఒకరోజు గుప్పెడుని కొక్కేనికి తగిలించి మందుల షాపు గుమ్మం దాకా వెళ్ళి, లోపలికి పోకుండా, అక్కడ్నుంచే చూస్తూ నిలబడింది. ఇంకోరోజు లోపలికి వెళ్ళి మాత్ర కొనుక్కుంది. పదకొండోరోజు ఉదయం బుగ్గ నారింజకాయంత వాచి ఉండగా వచ్చి, సంచీ కింద పెట్టి, చేతిరుమాలు పిన్నికి ఇచ్చింది. "పన్ను తీయించుకుంటాను పిన్నీ. ఇప్పుడే వచ్చేస్తా" అంది.

"నిదానంగా రా" అంది పిన్ని. లోపల్లోపల ఆవిడకి ఏనుగెక్కినంత సంతోషంగా ఉంది. కుక్కని పోగొట్టుకున్న మనిషి తన చేతిలో కుక్కని పెట్టి వెళ్ళింది మరి. రుమాలు పరిచి, గుప్పెడుని కొక్కేనికి తగిలించి, రోజూలాగే బెల్టులోకి రెండు వేళ్ళు దూర్చి చూసింది. పట్టాయి. మూడో వేలు పడుతుందేమో చూడలేదు. ఏ బెల్టుకీ అలా చూడాల్సిన అవసరం పడలేదు.

అరగంట గడిచింది. నాలుగు దుకాణాల అవతల ఇనప షట్టరు ఒకటి పట్టుతప్పి దభీమని కిందపడింది. వీధంతా ఉలిక్కిపడింది. పిన్ని సూదిలోకి దారం ఎక్కిస్తున్నదల్లా కింద చూసింది. గుప్పెడు వెనక్కి వెనక్కి నడుస్తోంది. బెల్టు దాని మోచేతుల మీంచి, చెవుల మీంచి, పసిపిల్ల ఒంటిమీంచి చొక్కా తీసినట్టు సులువుగా జారిపోయింది. పిన్ని వంగేలోపల కుక్క లేదు.

ఆవిడ చేతిలో ఖాళీ బెల్టు మిగిలింది. దాని ఆకారం ఇంకా పోలేదు, లోపల కుక్క ఉన్నట్టే గుండ్రంగా ఉంది. పిన్ని మూడు వేళ్ళు దూర్చింది. మూడూ పట్టాయి.

బయట అప్పటికే వీధి రెచ్చిపోయింది. మంచివాళ్ళే అందరూ, అదే వచ్చిన చిక్కు. మందుల షాపాయన కౌంటరు దూకి వచ్చాడు. పళ్ళ బండివాడు రెండు చేతులూ చాపి అడ్డం పడ్డాడు. కొరియరు కుర్రాడు ఒకవైపు, బ్యాంకు గార్డు ఒకవైపు. "అటు, అటు పోయింది", "పట్టుకోండి, పట్టుకోండి" అని కేకలు. గుప్పెడు కాళ్ళ మధ్యనుంచి, చక్రాల మధ్యనుంచి, తోక కడుపులోకి ముడుచుకుని పరిగెడుతోంది. వీళ్ళు ఎంత తరిమితే అది అంత వేగంగా వీధి చివరికి పోతోంది. వీధి చివర పెద్ద రోడ్డు. ఆ రోడ్డు మీద బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి, మోకాలి ఎత్తు లేనిదాన్ని చూసి బ్రేకు వేసే డ్రైవరు ఉండడు.

మిషను చప్పుడుకి మించి పిన్ని గొంతు పెంచగా ఎవరూ వినలేదు. ఆరోజు విన్నారు.

"కూర్చోండి. అందరూ ఎక్కడివాళ్ళక్కడ కింద కూర్చోండి."

వీధికి అర్థం కాలేదు. మందుల షాపాయన ఒంటికాలి మీద ఆగాడు. "పిన్నీ, అక్కడ కుక్క పోతుంటే..."

"నువ్వు తరుముతున్నావు కాబట్టి పోతోంది. కూర్చో నాయనా."

ఆయన కూర్చున్నాడు, తెల్ల కోటుతో, దుమ్ములో. ఆయన్ని చూసి పళ్ళ బండివాడు కూర్చున్నాడు. కొరియరు కుర్రాడు పెట్టె మీద కూర్చోబోతే "కింద" అంది పిన్ని. బ్యాంకు గార్డు తుపాకీ ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని మఠం వేశాడు. కూరలు కొనడానికొచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు సంచులతో సహా చతికిలబడ్డారు. స్కూటరు మీద వస్తున్నవాడు, ఏమైందో తెలియకపోయినా, ఇంజను ఆపి దిగి కూర్చున్నాడు. ఒక్క కారువాడు మాత్రం వెనకనుంచి హారన్ మోగిస్తున్నాడు. అప్పుడు బాబాయి లేచాడు. కంటి భూతద్దం తీయడం కూడా మర్చిపోయి, కుంటుకుంటూ వెళ్ళి, ఏళ్ళ తరబడి వంగని మోకాలిని చేత్తో పట్టుకుని వంచి, కారు ముందు నేల మీద కూర్చున్నాడు. హారన్ ఆగిపోయింది.

వీధి మొత్తం నేల మీద ఉంది. నిలబడి ఉన్నది పిన్ని ఒక్కతే. అంత నిశ్శబ్దంలో గుప్పెడు ఆగింది. పెద్ద రోడ్డుకి పదడుగుల దూరంలో, కాలువ పలక పక్కన నిలబడి వెనక్కి చూసింది. తరిమే కాళ్ళు ఒక్కటీ లేవు.

పిన్ని దాని వైపు వెళ్ళలేదు. పక్కకి నడిచి, కొంచెం దూరంలో టికెట్ల అమ్మాయి రుమాలు నేల మీద పరిచి, కుక్కకి వీపు పెట్టి కూర్చుంది. ముఖంలోకి చూస్తే బెదిరిన కుక్క దగ్గరికి రాదు. ఆవిడకి ఇది ఏ పుస్తకమూ చెప్పలేదు, పందొమ్మిదేళ్ళుగా మిషను కింద నుంచి కుక్కలే చెప్పాయి. వీపు పెట్టి కూర్చుందన్న మాటే కానీ ప్రాణమంతా వీపులోనే ఉంది. వెనక బస్సులు పోతున్న చప్పుడు వినిపిస్తోంది. ఒక్కో బస్సు పోయినప్పుడల్లా ఆవిడ కళ్ళు మూసుకుంటోంది. పాల షాపు కటకటాలకి వేలాడుతున్న పట్టీ ఒకటి, ఎప్పుడూ చూడనిది, కళ్ళ ముందు కనబడుతోంది. ఆ పిల్లకి రెండోసారి అలాంటిది చూపించేది నేనేనా అనుకుంది. తల ప్రాణం తోకకు వచ్చింది.

చాలాసేపటికి మోచేతికి తడిగా ఏదో తగిలింది. పిన్ని కదలలేదు. ముక్కు మోచేతినుంచి రుమాలుకి పోయింది, రుమాలు వాసన చూసింది, దాని మీద ఎక్కి ముడుచుకుని పడుకుంది. అప్పుడు మెల్లగా చెయ్యి చాపి, ఛాతీ కింద రెండు వేళ్ళు పెట్టి, మిగతా చేత్తో మొత్తాన్ని కప్పి, ఒళ్ళోకి తీసుకుంది. దాని గుండె ఆవిడ అరచేతిలో టకటక కొట్టుకుంటోంది. ఆవిడదీ అంతే.

"లేవచ్చు" అంది.

వీధి ఒక్కసారి లేచి ప్యాంట్లు దులుపుకుంది. అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఒకరి భుజం ఒకరు తడుతున్నారు. స్కూటరువాడు ఏ కుక్క, ఎవరి కుక్క అని ఇప్పుడు అడుగుతున్నాడు. కారువాడే దిగొచ్చి బాబాయిని చంకల్లో చేతులు వేసి లేపాడు. "పన్నెండు నిమిషాలు" అన్నాడు బాబాయి, లేవగానే చేతి గడియారం చూసుకుని.

మెట్ల దగ్గరికి తిరిగొచ్చాక మందుల షాపాయన గొంతు తగ్గించాడు. "పిన్నీ, పోయింది, దొరికింది. ఇక ఆ అమ్మాయికి చెప్పడమెందుకు? పాపం అసలే బెదురు మనిషి." పళ్ళ బండివాడు తలూపాడు. గార్డు కూడా తలూపి అన్నాడు, "మేం ఎవరమూ నోరు విప్పం. మీ పేరు అలాగే ఉంటుంది."

ప్రేమతోనే అన్నారు. పిన్నికి ఆ మాట తియ్యగా వినిపించిందని ఒప్పుకోవాలి. పందొమ్మిదేళ్ళ మాట, ఒక్క పన్నెండు నిమిషాలకి ఎందుకు పోగొట్టుకోవాలి అనిపించింది. బాబాయి వైపు చూసింది. ఆయన భూతద్దం బిగించుకుని గడియారంలోకి తల దూర్చేశాడు. ఒప్పుకోనప్పుడు ఆయన పద్ధతి అదేనని ఆవిడకి తెలుసు. పిన్ని గుప్పెడుని ఒళ్ళోనే పెట్టుకుని, బెల్టు కుట్టు విప్పి, వేలు తగ్గించి, రెండు వరసలు వేసి కుట్టింది. రెండు వేళ్ళు దూర్చింది. మూడోది దూర్చబోయింది, పట్టలేదు.

టికెట్ల అమ్మాయి మెట్లు దిగి వచ్చేసరికి గంటంబావు దాటింది. నోట్లో దూది, కుడివైపు ముఖమంతా మొద్దుబారి వేలాడుతోంది. గుప్పెడు రెండు కాళ్ళ మీద లేచి గెంతింది. ఆ పిల్ల ఎడమవైపు పెదవితో మాత్రం నవ్వి చేతులు చాపింది. మందుల షాపాయన గుమ్మంలోంచి పిన్నికేసి చూస్తున్నాడు.

"కూర్చో అమ్మా" అంది పిన్ని. తను నిలబడింది.

"నువ్వు పైనుండగా ఇది నా దగ్గర్నుంచి పోయింది. పన్నెండు నిమిషాలు దొరకలేదు. పెద్ద రోడ్డు దాకా వెళ్ళింది. ఇక్కడివాళ్ళందరూ తరమడం మాని కింద కూర్చుంటే ఆగింది, దొరికింది. బెల్టు వదులైంది. నువ్వు వదులు పెట్టమని అడిగావు, అది నీ తప్పు కాదు. నువ్వు అడుగుతావు. కొలత నాది. పెట్టకూడదని తెలిసి పెట్టాను." గుప్పెడు బెల్టులోకి రెండు వేళ్ళు దూర్చి చూపించింది. "ఇప్పుడు సరిచేశాను. అయినా ఇకమీద నా దగ్గర వదలబుద్ధి కాకపోతే, నేనేమీ అనుకోను తల్లీ."

ఆ పిల్ల ముఖం తెల్లబోయింది. గుప్పెడుని గుండెకి హత్తుకుని, చెవులు, కాళ్ళు, తోక అన్నీ తడిమి చూసింది. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. కుడి బుగ్గ మీద కారుతున్నవి ఆ పిల్లకి తెలియను కూడా తెలియడం లేదు. పిన్ని తుడవబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ చేత్తో తుడిచే హక్కు ఇవాళ ఉందో లేదో తేల్చుకోలేకపోయింది.

టికెట్ల అమ్మాయి ఏదో అనబోయింది. దూది మధ్య నుంచి గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. అటూ ఇటూ చూసి, మిషను మీద ఉన్న సుద్దముక్క తీసుకుని, అక్కడ పరిచి ఉన్న నల్ల కోటు గుడ్డ మీద రాయడం మొదలుపెట్టింది. ఇంకొకరి గుడ్డ మీద చెయ్యి వేస్తే వేళ్ళు విరగ్గొట్టే మనిషి పిన్ని. ఇవాళ చూస్తూ నిలబడింది. అక్షరాలు వంకరటింకరగా వచ్చాయి.

"మందులు కొనుక్కోవాలి. దీన్ని చూడండి."

రాసి, సుద్ద పెట్టేసి, బెల్టు పట్టీ కొక్కేనికి కాకుండా పిన్ని మణికట్టుకి రెండు చుట్లు చుట్టింది. డాక్టరు రాసిచ్చిన చీటీ పట్టుకుని మందుల షాపులోకి వెళ్ళింది. ఆ పిల్ల ముందు నలుగురున్నారు. వెళ్ళి అయిదో మనిషిగా నిలబడింది.

పందొమ్మిదేళ్ళలో ఎంతమంది ఎన్ని విధాలుగా పొగిడినా టేపు పిన్నికి ఇంత గర్వం కలగలేదు. ముందు ఇచ్చినప్పుడు ఆ పిల్లకి పిన్ని పేరు తెలుసు, అంతే. ఇప్పుడు జరిగిందంతా తెలిసి ఇచ్చింది. పిన్ని స్టూలు మీద కూర్చుని, గుప్పెడుని ఒళ్ళోకి తీసుకుని, చుట్టిన పట్టీ మీద రెండో చెయ్యి కూడా వేసి పట్టుకుంది. సాయంత్రానికి ఇవ్వాల్సిన కోటు ఎదురుగా పరిచే ఉంది. పై అంతస్తునుంచి ఎవరో దిగుతూ, ప్యాంటు ఎప్పుడిస్తారని అడిగారు.

"ఇప్పుడు కాదు బాబూ, పనిలో ఉన్నాను" అంది. టికెట్ల అమ్మాయి మందులు తీసుకుని వచ్చేదాకా ఆవిడ మిషను ముట్టుకోలేదు.